స్థలం అమ్మే ఏజెంటుకూ పరీక్ష ఉండాలి

మ్యూచువల్ ఫండ్ అమ్మాలంటే ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష పాస్ కావాలి. జీవిత బీమా ఏజెంటు కావాలన్నా పరీక్ష రాయక తప్పదు. నెలకు 500 రూపాయల సిప్ కట్టించేవారికే అర్హత ఉండాలంటున్న దేశంలో, ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మంతా ఒకే స్థలం మీద పెట్టించే మనిషికి మాత్రం ఏ అర్హతా అక్కర్లేకపోవడం ఎంతవరకు సబబు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నియమాల్లో రియల్ ఎస్టేట్ ఏజెంటుగా నమోదుకు పాన్ కార్డు, చిరునామా రుజువు వంటి పత్రాలు, ఫీజు అడుగుతారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చదవడం వచ్చా, లింకు డాక్యుమెంట్లు ఎందుకు చూడాలో తెలుసా అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. రెండు రాష్ట్రాల రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలు (రెరాలు) ఈ లోటును పూడ్చాలి. శిక్షణ పొంది, పరీక్ష నెగ్గినవారికే ఏజెంటుగా నమోదు ఇవ్వాలి.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఏజెంటును పూర్తిగా వదిలేయలేదు. నమోదు లేకుండా ప్రాజెక్టుల్లో అమ్మకాలు చేయించకూడదని 9వ సెక్షన్ చెబుతోంది. రెరాలో నమోదు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదని, లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదని, కొనేవారికి రావాల్సిన సమాచారం, పత్రాలు అందేలా చూడాలని 10వ సెక్షన్ నిర్దేశిస్తోంది. నమోదు లేకుండా వ్యాపారం చేస్తే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా విధించవచ్చు. బాధ్యతలున్నాయి, శిక్షలున్నాయి. ఆ బాధ్యతలు మోయగల జ్ఞానం ఆ మనిషికి ఉందో లేదో చూసే ఏర్పాటు మాత్రం చట్టంలో లేదు. పత్రాలు చదవడం రానివాడు కొనుగోలుదారుకు ఏ పత్రం అందలేదో ఎలా గుర్తించగలడు?

మన భూముల తీరు తెలిసినవారికి ఈ ప్రశ్న ఎంత బరువైనదో అర్థమవుతుంది. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీపై 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉంటే ఆ స్థలం రిజిస్ట్రేషన్ కాదు. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం), బఫర్ జోన్ హద్దుల్లో కట్టిన ఇళ్ల గతి ఏమిటో 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలుపెట్టాక హైదరాబాద్ అంతా చూసింది. పంచాయతీ లేఅవుట్‌కూ హెచ్‌ఎండీఏ, డీటీసీపీ, సీఆర్‌డీఏ అనుమతి ఉన్న లేఅవుట్‌కూ తేడా ఉంది. రెరా నంబరు రాకముందే ప్రీలాంచ్ పేరుతో డబ్బు వసూలు చేయడం చట్టవిరుద్ధం. అవిభాజ్య వాటా రాసిచ్చి, భవిష్యత్తులో ఫ్లాటు ఇస్తామనడంలో ఎంత ప్రమాదముందో కొనేవారికి విడమర్చి చెప్పాలి. ఇవేవీ తెలియకుండానే వేల మంది ఈ వృత్తిలోకి దిగుతున్నారు. వాళ్లలో ఉద్యోగం చేస్తూ సాయంత్రం పూట వెంచర్లు చూపించేవారున్నారు, కమిషన్ ఆశతో గొలుసుకట్టు మార్కెటింగ్‌లో చేరినవారున్నారు. వీరు మొదట అమ్మేది బంధువులకు, ఊరివారికి, తోటి ఉద్యోగులకే. కంపెనీ బ్రోచర్‌లో ఉన్నదే వీరు వల్లిస్తారు, అవతలివారు మనిషిని నమ్మి అడ్వాన్సు ఇస్తారు. వెంచర్ వివాదంలో పడిన రోజున డబ్బుతో పాటు బంధుత్వమూ పోతుంది.

ఏజెంట్లకు పరీక్ష పెట్టడం అసాధ్యమేమీ కాదు. మహారాష్ట్ర రెరా 2023లో తన ఉత్తర్వుతోనే ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష, ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. పార్లమెంటులో చట్టాన్ని సవరించాల్సిన అవసరం రాలేదు. ఆదేశాలు జారీ చేసే అధికారం 37వ సెక్షన్ కింద మన రెరాలకూ ఉంది. గడువులోగా ధ్రువపత్రం తెచ్చుకోని దాదాపు 20 వేల మంది ఏజెంట్ల నమోదును 2024లో మహారాష్ట్ర రెరా నిలిపివేసింది. మరోవైపు తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని టెక్సస్‌ను చూడండి. అక్కడ ఇళ్లు అమ్మే లైసెన్సు కావాలంటే 180 గంటల పాఠాలు పూర్తి చేయాలి, పరీక్ష నెగ్గాలి, వేలిముద్రలిచ్చి నేర చరిత్ర పరిశీలనకు ఒప్పుకోవాలి. ఆ తర్వాత కూడా అనుభవమున్న బ్రోకర్ కిందే పని మొదలుపెట్టాలి. మనకు అంత సుదీర్ఘ శిక్షణ అక్కర్లేదు. కానీ 180కీ సున్నాకీ మధ్య మనం నిలబడదగిన చోటు ఒకటుంది.

పరీక్ష పెడితే పెద్దగా చదువుకోని యువకుల ఉపాధి దెబ్బతింటుందన్నది మొదటి అభ్యంతరం. తోసిపుచ్చదగ్గది కాదు. అందుకే డిగ్రీ అడగకూడదు. పాఠాలు, ప్రశ్నపత్రం తెలుగులో ఉండాలి, ఫీజు నామమాత్రంగా ఉండాలి, తప్పినవారు మళ్లీ రాసుకునే వీలుండాలి. పహాణీ, అడంగల్ చదవడం పల్లె యువకుడికి కొత్త కాదు, పట్నం పట్టభద్రుడి కన్నా అతనే ముందుండవచ్చు. ఇక మోసం చేసేవాడికి పరీక్ష ఓ లెక్కా అన్నది రెండో మాట. పరీక్ష బుద్ధిని మార్చదన్నది నిజం. అయితే మోసగాడికి అమ్మిపెడుతున్నది ఎక్కువగా తెలియనివారే. తెలిసిన ఏజెంటు నమోదు లేని ప్రాజెక్టును అమ్మనంటాడు, అమ్మితే ‘నాకు తెలియదు’ అని తప్పించుకోలేడు. పైగా నిజాయతీగా పనిచేసే ఏజెంటుకు ధ్రువపత్రమే గౌరవం తెస్తుంది. లాయర్‌కు చూపించుకోవచ్చు కదా అని మరికొందరంటారు. చూపించుకోవాల్సిందే. కానీ చాలా ఇళ్లలో లాయర్ దగ్గరకు వెళ్లేసరికి బుకింగ్ డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది.

చట్టంలో మరో ఖాళీ ఉంది. ఏజెంట్ల నమోదు రెరా ప్రాజెక్టుల అమ్మకాలకే వర్తిస్తుంది. పాత ఫ్లాట్లు, వ్యవసాయ భూములు అమ్మిపెట్టేవారు దీని పరిధిలోకి రారు. వారిని కూడా తేవాలంటే ప్రభుత్వాలే పూనుకోవాలి. అందాకా చేతిలో ఉన్న పని ఆగకూడదు. కొత్తగా నమోదయ్యేవారికి వెంటనే, ఇప్పటికే ఉన్నవారికి ఏడాది గడువుతో శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేస్తూ రెండు రాష్ట్రాల రెరాలు ఉత్తర్వులివ్వాలి. కొనేవారు కూడా ప్రాజెక్టు నంబరు, ఏజెంటు నంబరు రెండూ రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి. నంబరు చెప్పడానికి వెనకాడే మనిషి చేతిలో ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.