విశ్వాసి ప్రధాని అయ్యారు, పరదేశి రోడ్డున పడ్డాడు

యువజన కూడికల్లో మేము తరచూ వినే మాట ఒకటుంది. "ప్రార్థన చేసే మనిషి ఒక్కడు కుర్చీలో కూర్చుంటే చాలు పాస్టరు గారూ, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటారు. ఎన్నికలు దగ్గరపడితే ఈ మాట ప్రార్థనాంశాల్లోకి కూడా ఎక్కుతుంది. మేము ఒప్పుకోం. ఎందుకో చెప్పాలంటే పశ్చిమ ఆఫ్రికాలోని ఘానా సంగతి చెప్పాలి. అక్కడ సరిగ్గా అలాంటి మనిషే ప్రధాని అయ్యారు.

ఆయన పేరు కోఫీ అబ్రెఫా బుసియా. 1913లో వెంచి అనే ఊళ్లో, అక్కడి పాలక కుటుంబంలో పుట్టారు. మెథడిస్టు బడుల్లో చదివి, మెథడిస్టు విశ్వాసిగా పెరిగారు. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేటు తీసుకున్నారు. గోల్డ్ కోస్ట్ విశ్వవిద్యాలయ కళాశాలలో మొదటి ఆఫ్రికన్ ప్రొఫెసర్ ఆయనే. ఎన్‌క్రూమా ప్రభుత్వం 1958లో విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం తెచ్చింది. ప్రతిపక్ష నాయకుడైన బుసియా మరుసటి ఏడు దేశం విడిచి, హాలెండులో, ఇంగ్లండులో పాఠాలు చెప్పుకుంటూ ఏడేళ్లు పరాయి గడ్డ మీద బతికారు. ఆ కాలంలోనే బ్రిటన్ పట్టణాల్లోని సంఘాల మీద ఒక పుస్తకం, ఆఫ్రికాలో ప్రజాస్వామ్యం మీద మరొకటి రాశారు. అంటే పండుగకు మాత్రమే మందిరానికి వచ్చే బాపతు కాదు. విశ్వాసం గురించి, న్యాయం గురించి చదివి, ఆలోచించి, రాసిన మనిషి.

1966లో సైన్యం ఎన్‌క్రూమాను దించేశాక ఆయన తిరిగి వచ్చారు. 1969 ఆగస్టు ఎన్నికల్లో ఆయన ప్రోగ్రెస్ పార్టీకి 140 స్థానాల్లో 105 వచ్చాయి.

ప్రధాని అయి మూడు నెలలు నిండలేదు. నవంబరు 18న ఒక ఆజ్ఞ వెలువడింది. నివాస అనుమతి పత్రం లేని విదేశీయులు రెండు వారాల్లో దాన్ని తెచ్చుకోవాలి, లేదా దేశం వదిలిపోవాలి. పద్నాలుగు రోజులు! అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నా మనకు నెల గడువిస్తారు.

ఎవరీ విదేశీయులు? నైజీరియా నుంచి వచ్చిన యోరుబా వర్తకులు. టోగో, నైజర్, అప్పర్ వోల్టాల నుంచి కోకో తోటల్లో పనికి వచ్చిన కూలీలు. కుమాసి, తమలే బజార్లలో కొన్ని తరాలుగా కొట్లు పెట్టుకున్న కుటుంబాలు. ఘానాలోనే పుట్టి, తాతల ఊరు ఎన్నడూ చూడని పిల్లలు. వెళ్లగొట్టింది ఎంతమందినో లెక్కలు రకరకాలుగా చెబుతారు గాని, లక్షల్లోనే. నైజీరియాలో అప్పటికింకా బయాఫ్రా యుద్ధం ఆగలేదు. అయినకాడికి సరుకు అమ్ముకుని, పిల్లల్ని లారీలెక్కించి, యుద్ధం నడుస్తున్న దేశానికి బయలుదేరారు.

ఘానాలో నిరుద్యోగం ఉన్నమాట నిజం. ఎన్‌క్రూమా కాలం నాటి అప్పులూ నెత్తి మీద ఉన్నాయి. అయితే ఆ అప్పు చేసింది తమలే బజారులో గుడ్డలమ్మే యోరుబా మనిషి కాదు గదా. ఆజ్ఞకు జనం చప్పట్లు కొట్టారు. తర్వాత కోకో తోటల్లో పనిచేసేవాళ్లు కరువయ్యారు. 1983లో నైజీరియా తన వంతుగా పది లక్షలకు పైబడ్డ వలసదారుల్ని తరిమింది. వాళ్లలో అత్యధికులు ఘానా వాళ్లే. వాళ్లు సామాను కుక్కుకున్న గళ్ల సంచికి ఈనాటికీ 'ఘానా మస్ట్ గో' అనే పేరు.

సంఘాల్లో ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఘానాలో బాప్టిస్టు సంఘాలు మొదలైంది ఎక్కువగా ఈ యోరుబా వర్తకుల వల్లే. నైజీరియాలోని ఒగ్బొమోషో ప్రాంతం నుంచి వ్యాపారానికి వచ్చి, తమ భాషలో కూడుకుని, మందిరాలు కట్టుకున్నారు. 1969 ఆజ్ఞతో ఆ బల్లలు ఖాళీ అయ్యాయి. క్రైస్తవ ప్రధాని సంతకం మిషనరీలు, వర్తకులు యాభై ఏళ్లుగా పెంచిన సంఘాలను పక్షం రోజుల్లో చెదరగొట్టింది. పరదేశిని మీలో పుట్టినవాడిలాగే చూడాలనే ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. బుసియా అది చదవలేదని అనుకోగలమా?

గ్రామాలకు నీళ్లు, రోడ్లు వేయించాలని ఆయన తాపత్రయపడ్డారు, అది కాదనం. కానీ మరుసటి ఏడే 568 మంది ప్రభుత్వ ఉద్యోగుల్ని తీసేశారు. ఒకాయన కోర్టుకెళ్లి గెలిస్తే, ఏ కోర్టూ ప్రభుత్వం చేత ఉద్యోగం ఇప్పించలేదని రేడియోలో చెప్పారు. 1971లో కార్మిక సంఘాల సమాఖ్యను రద్దు చేశారు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వంతో చర్చలు జరపాలని వాదించారు. 1972 జనవరి 13న, ఆయన వైద్యం కోసం లండన్‌లో ఉండగా, సైన్యం ఆయన్నీ దించేసింది. 1978లో ఆక్స్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు.

ఇదంతా మనకెందుకంటారా? బెంగళూరులో, చెన్నైలో, ముంబైలో, బరంపురంలో మూడు తరాలుగా ఉన్నా "మీదే ఊరు?" అని అడిగించుకునేవాళ్లం మనం. 1960లలో బొంబాయిలో దక్షిణాది వాళ్ల మీద సాగిన ఉద్యమం మన పెద్దలకు గుర్తే. బుసియా ఆజ్ఞ వచ్చిందీ ఆ రోజుల్లోనే. ఆ వరుసలో మనం నిలబడేది కొట్టు మూసుకుని పోతున్న యోరుబా వర్తకుడి పక్కన. అయినా మన యువకులే ఇవాళ బీహారు, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలను చూసి "వీళ్ల వల్లే మన పనులు పోతున్నాయి" అంటుంటే మేము విన్నాం, మందిరం మెట్ల మీదే విన్నాం.

కాబట్టి ఈ డిసెంబరులో క్రిస్మస్ వేదిక మీదికి నాయకుణ్ణి పిలిచి శాలువా కప్పే సంఘాలకు మా మనవి. ఆయన ఏ మందిరానికి వెళ్తారని అడగకండి. మీ వార్డులో నిన్నగాక మొన్న దిగిన కూలీ కుటుంబానికి రేషన్, పిల్లలకు బడి, ఉండడానికి చోటు ఎలా ఇప్పిస్తారో మైకులో, అందరి ముందూ అడగండి. జవాబు చెప్పాకే శాలువా కప్పండి.