స్టేషన్ అన్నగారు

ఈ శీర్షికలో ఈ నెల వర్షాకాల భద్రతను గురించి వ్రాయవలెనని అనుకున్నాము. కాగితాలు ముందు వేసుకున్న రోజుననే ఎస్.కోట నుండి ఫోను వచ్చింది. కిరందుల్ లోడింగ్ ప్లాంటులో మాతోపాటు ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడు ఇక లేరట. ప్రచారం గిట్టని మనిషి కనుక పేరు వ్రాయడం లేదు. పాతవారికి 'స్టేషన్ అన్నగారు' అంటే చాలు.

కొత్తగా వచ్చిన కుటుంబాలకు కొంత చెప్పాలి. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరందుల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. ఉదయం విశాఖలో ఎక్కిన పాసింజరు అరకు, కొరాపుట్, జగదల్‌పూర్ దాటి రాత్రికిగాని కిరందుల్ చేరేది కాదు. మేము దిగిన రాత్రి జోరున వాన. చేతిలో రేకుపెట్టె, జేబులో తడిసిన నియామకపత్రం. హిందీ అంతంతమాత్రం. ప్లాట్‌ఫారం చివర టార్చిలైటు పట్టుకొని ఒకాయన, "తెలుగువారేనా బాబూ? పదండి, అన్నం చల్లారిపోతుంది" అన్నారు.

మేము వస్తున్నట్లు ఆయనకెవరూ చెప్పలేదు. డ్యూటీ లేని ప్రతి రాత్రీ, ఎవరైనా దిగుతారేమోనని ఆ బండికి వెళ్లేవారు. వారి ఇల్లాలు రోజూ గుప్పెడు బియ్యం ఎక్కువగా పోసేవారు. (ఆ తల్లి ఓర్పును గురించి వేరే వ్యాసమే వ్రాయవచ్చు.) మరునాడు పొద్దున్నే అరచేతిలో హెమటైట్ ముక్క పెట్టి, బరువెంతో చెప్పమన్నారు. మేము సగమే చెప్పాము. అందరూ సగమే చెబుతారట. అయినా ప్రతిసారీ అంతే సంబరంగా నవ్వేవారు.

ఇది పరాయి ఊరని ఎవరైనా అంటే ఒప్పుకునేవారు కాదు. గోండీలో నీటిని 'ఏర్' అంటారు, అది మన ఏరే కదా అని వాదించేవారు. 1998లో బస్తర్ నుండి దంతెవాడ జిల్లా విడిపోయింది. 2000లో మధ్యప్రదేశ్ పోయి ఛత్తీస్‌గఢ్ వచ్చింది. ఆయన మాత్రం అదే టార్చితో అదే ప్లాట్‌ఫారం మీద ఉండేవారు.

పదవీ విరమణ సభలో శాలువా కప్పి మేము అరగంట మాట్లాడాము. మరునాడు ఆయన బండి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, ఒక కునుకు తీసి వెళదామనుకున్నాము. లేచేసరికి బండి వెళ్లిపోయింది. తక్కినవారు వెళ్లివుంటారని సరిపెట్టుకున్నాము. తక్కినవారూ అలాగే అనుకున్నారని తరువాత తెలిసింది. ఆయన షిఫ్టులోని మాడియా కుర్రవాడొక్కడే సామాను మోసి ఎక్కించాడట.

ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ప్రతి ఉగాదికీ ఫోను చేసి, "బండి వేళకే వస్తోందా?" అని మాత్రం అడిగేవారు. ఒకసారి వచ్చి చూస్తామని మేము ప్రతిసారీ అనేవారము. ఒక ఏడు సెలవు దొరకలేదు, ఒక ఏడు అమ్మాయి పరీక్షలు. తరువాతి ఏళ్లకు కారణం కూడా గుర్తులేదు.

పదకొండవ రోజుకు వెళ్లాము. ఎస్.కోటలో దిగేసరికి చీకటి పడింది. వస్తున్నట్లు ముందుగా చెప్పడానికి ముఖం చెల్లక ఫోను చేయలేదు. స్టేషన్ బయట ఆయన చిన్నకుమారుడు టార్చి పట్టుకొని నిలబడివున్నాడు. "నాలుగు రోజులుగా ఈ బండికి వస్తున్నానండీ. కిరందుల్ వాళ్లు ఎవరైనా దిగుతారేమోనని" అన్నాడు.

మేమొక్కరమే దిగాము.

వర్షాకాల భద్రత వచ్చే సంచికలో.