గుసగుసలాడే గాజుపూస

పిల్లలూ, బిజాపూరు గోల్ గుంబజును మీలో కొందరు చూచే ఉంటారు. గుమ్మటం లోపలి వసారాలో గోడ దగ్గర నోరు పెట్టి గుసగుసలాడితే, సుమారు 37 మీటర్ల దూరాన ఎదుటివైపు నిలబడ్డవారికి అది వినిపిస్తుంది. మాట నడిమధ్య నుంచి పోదు. గుండ్రని గోడను అంటిపెట్టుకుని ప్రాకుతూ పోతుంది. లండనులోని సెయింట్ పాల్స్ గుమ్మటంలోనూ ఇంతే. దీని కారణాన్ని రేలీ ప్రభువు వివరించారు. మన సి.వి. రామన్ 1921లో అక్కడ ప్రయోగాలు చేశారు.

ఇప్పుడు ఆ గుమ్మటం మూడు నాలుగు వెంట్రుకలు చేర్చినంత లావు గాజుపూసగా మారిందనుకోండి. సన్నని గాజుతీగె కొనను కరిగిస్తే తనంతట తానే అటువంటి పూస అవుతుంది. శబ్దానికి బదులు దానిలోకి లేజరు వెలుగును పంపుతారు. వెలుగు అంచు వెంబడి వేలసార్లు చుట్టివస్తుంది. అయితే ఏ రంగు పడితే ఆ రంగు అందులో నిలవదు. గుండ్రని దండలో పూలు సందు లేకుండా సరిపోయినట్లు, ఒక చుట్టులో వెలుగు అలలు పూర్తి సంఖ్యలో ఇమడాలి.

పూసపై అణువులు వాలితే ఆ చుట్టు రవంత పొడవైనట్లవుతుంది. అప్పుడు పాత రంగు ఇమడదు; ఎరుపు వైపు కొంచెం జరిగిన రంగు ఇముడుతుంది. ఆ జరుగుబాటును కొలిస్తే ఎంత పదార్థం వాలిందో తెలుస్తుంది. 2002లో ఫ్రాంక్ ఫోల్మర్, స్టీఫెన్ ఆర్నాల్డ్ మొదలైనవారు అమెరికాలో ఇలా ప్రోటీనులను కనిపెట్టారు. 2008లో ఒకే ఒక్క ఇన్‌ఫ్లుయెంజా వైరసు వాలినా తెలిసిపోయింది!

ఈ శ్రమంతా దేనికని మీ నాన్నగారు అడగవచ్చు. మన ఒంట్లోని ప్రతి జీవకణానికీ ఒక పలుచని పొర ఉంది. అటువంటి పొరలు రెండు లక్షలు దొంతి పెడితే ఒక మిల్లీమీటరు! మనం మింగే మందులలో పెక్కు పని చేసేది ఈ పొరలోని ప్రోటీనుల మీదనే. తేనెటీగ విషం కన్నం పెట్టేదీ ఈ పొరకే. కాని బ్రతికిన కణంలో వేలరకాల అణువులు క్రిక్కిరిసి ఉంటాయి. సంతలో ఒక్కరి గొంతు పోల్చుకోవడం సాధ్యమా?

అందుచేత పొరను వేరుగా తయారు చేస్తారు. కోడిగుడ్డు పచ్చసొనలో లెసిథిన్ అనే కొవ్వు ఉంది. దాని అణువుకు తల నీటిని కోరుతుంది, తోకలు నీటికి జంకుతాయి. నీటిలో వేస్తే అవి తోకలను లోపల దాచుకుని రెండు వరుసలుగా నిలబడతాయి. అదే పొర! దానిని గాజుపూసకు తొడిగి, పరీక్షించదలచిన పదార్థాన్ని నీటిలో కలుపుతారు. అణువులకు రంగు పూయనక్కరలేదు. ఇది గొప్ప మేలు. ఎందుకంటే పూసిన రంగే ఒక్కొక్కప్పుడు అణువు నడతను మార్చివేస్తుంది.

అణువులు పొరపై ఎంత త్వరగా చేరాయో, ఎంతసేపు ఉన్నాయో వెలుగే చెబుతుంది. అలలు పూస ఉపరితలం వెంబడి ఊగే వెలుగును ఒకసారి, ఉపరితలానికి నిలువుగా ఊగే వెలుగును మరొకసారి పంపి, రెండు జరుగుబాట్లనూ పోల్చి చూస్తారు. అప్పుడు పొడుగాటి అణువు పొరపై పడుకున్నదో, నిటారుగా నిలబడి ఉన్నదో కూడా తెలుస్తుంది.