తెలుగు నేల మీద తెలుగు రోగికి దుబాసీ ఎవరు?

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిన గుంటూరు తల్లికి అక్కడ జబ్బు చేస్తే, ఆమెకు ఇంగ్లీషు రాకపోతే, ఆసుపత్రి కనీసం ఫోన్లోనైనా తెలుగు దుబాసీని ఏర్పాటు చేయాలి. ఆ ఖర్చు రోగిది కాదు. నల్లజాతి ప్రజల పోరాటం నుంచి వచ్చిన 1964 పౌరహక్కుల చట్టం ఇచ్చిన రక్షణ అది. ఆమె సొంతూళ్లో, మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఉండే కూలీ మనిషికి మాత్రం ఆసుపత్రిలో చేతికిచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

డాక్టరుకు తెలుగు రాకపోవడం కాదు ఇక్కడి సమస్య. చదువు ఇంగ్లీషులో, రాత ఇంగ్లీషులో, ఓపీ బయట చాంతాడంత క్యూ. విడమరిచి చెప్పే పని వార్డు బాయ్ మీదో, ఆశా కార్యకర్త మీదో, ఇంటర్ చదివే కూతురి మీదో పడుతుంది. ఎవరూ లేనివాళ్లు వేలిముద్ర వేసి ఊరుకుంటారు.

ఆ వేలిముద్ర ఖరీదు పిడుగురాళ్లకు తెలుసు. రొమ్ము క్యాన్సర్ మందు ప్రయోగాల కోసం అక్కడి పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌కు తీసుకెళ్లిన సంగతి 2011లో బయటపడింది. కాగితాల మీద వాళ్ల అంగీకారం ఉంది. దేనికి అంగీకరించారో వాళ్లకు తెలియదు. 2013లో సుప్రీంకోర్టు, ప్రయోగాల్లో పాల్గొనేవారి అంగీకారాన్ని వీడియో తీయాలని ఆదేశించింది. 2015లో ఆ నిబంధనను కొద్దిరకాల ప్రయోగాలకే కుదించారు.

పత్తి, మిరప చేలల్లో ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం. పురుగుమందు కొట్టి పడిపోయిన కూలీని ఆసుపత్రికి తెస్తే, డాక్టరు ముందు అడిగేది 'ఏ మందు?' అని. మన భాషలో జబ్బు తగ్గించేదీ మందే, పురుగును చంపేదీ మందే. మోనోక్రోటోఫాస్ లాంటి వాటికి అట్రోపిన్ విరుగుడు. పారాక్వాట్ కలుపుమందుకు విరుగుడే లేదు. డబ్బా కొన్నది రైతు, పిచికారీ చేసింది కూలీ. డబ్బా మీది త్రికోణంలో ఎరుపు అన్నిటికన్నా ప్రమాదమనీ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువనీ అతనికి చెప్పినవాళ్లు లేరు. డబ్బా వెంట తేవాలని కూడా తెలియదు.

దాడి కేసుల్లోనూ ఇదే తంతు. గాయం మామూలుదా, తీవ్రమైనదా అన్నది సర్టిఫికెట్‌లో ఒక్క ఇంగ్లీషు మాట. కేసులో పెట్టే సెక్షన్లకు అదే ఆధారం. దెబ్బలు తిన్నవాడు దాన్ని చదవలేడు, ప్రశ్నించలేడు. కారంచేడు, చుండూరు చూసిన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు.

వైద్యానికి రోగి అంగీకారం విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యేలా వివరించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రంలో రాసింది. రాష్ట్రంలో తెలుగు అధికార భాష అయింది 1966లో. ఇవేవీ వార్డు గడప దాటి లోపలికి రాలేదు.

దీనికి కోట్లు అక్కర్లేదు. అంగీకార పత్రం, డిశ్చార్జి కాగితం, గాయాల సర్టిఫికెట్ తెలుగులోనూ ఇవ్వాలి. చదువు రానివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి. పెద్దాసుపత్రుల్లో ఆ పనికే జీతమిచ్చి మనిషిని పెట్టాలి, ఆ ఉద్యోగాలు మన పల్లెల్లో చదువుకున్న పిల్లలకు దక్కాలి. తన ఒంటికి ఏం జరుగుతోందో తెలుసుకోవడం దయతో పెట్టే భిక్ష కాదు, హక్కు.