అమ్మిన ఇంటికి బదులు ఇల్లేది?

సొంత ఇల్లు కావాలన్న కోరిక ధర్మబద్ధమైనది. అయితే ఆ కోరిక తీర్చే చట్టం న్యాయమైనదా కాదా అన్నది కొనుక్కున్నవారిని మాత్రమే చూసి తేల్చరాదు. ఇల్లు కోసం ఎదురుచూస్తున్నవారినీ చూడాలి. ఇంగ్లాండులో జరుగుతున్న 'కొనుగోలు హక్కు' సంస్కరణను మేము ఈ దృష్టితోనే పరిశీలిస్తున్నాము.

1980 నాటి గృహనిర్మాణ చట్టంతో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం, కౌన్సిల్ ఇళ్లలో కనీసం మూడేళ్లు అద్దెకున్నవారికి ఆ ఇంటిని భారీ రాయితీతో కొనుక్కునే హక్కునిచ్చింది. నాటి నుంచి ఇంగ్లాండులో దాదాపు 20 లక్షల ఇళ్లు అమ్ముడయ్యాయి. ఎందరో శ్రమజీవులకు ఆస్తి దక్కింది. ఆ మేలును మేము కాదనము. కాని అమ్మినన్ని ఇళ్లు తిరిగి కట్టలేదు. అమ్మిన సొమ్ములో కొంత ఏళ్ల తరబడి కేంద్ర ఖజానాకే చేరింది. అమ్ముడైన ఇళ్లలో అనేకం ప్రైవేటు యజమానుల చేతుల్లోకి పోయి, ఎక్కువ అద్దెకు తిరుగుతున్నాయి. నేడు సుమారు 13 లక్షల కుటుంబాలు నిరీక్షణ జాబితాలో ఉన్నాయి.

స్కాట్లాండు 2016లో, వేల్సు 2019లో ఈ హక్కును రద్దు చేశాయి. ఇంగ్లాండు సవరణ మార్గం ఎంచుకుంది. లండన్‌లో 1,36,400 పౌండ్ల దాకా ఉన్న గరిష్ఠ రాయితీని, 2024 నవంబరులో ప్రాంతాన్ని బట్టి 16,000 నుంచి 38,000 పౌండ్లకు తగ్గించింది. అమ్మకపు సొమ్మంతా కౌన్సిళ్లే ఉంచుకోవచ్చునన్నది. అర్హతకు పదేళ్ల అద్దెకాలం ఉండాలనీ, కొత్తగా కట్టిన ఇళ్లను 35 ఏళ్లు అమ్మరాదనీ 2025లో ప్రకటించింది.

ఇందులో ముస్లిముల ప్రయోజనం ఏమిటి? 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లాండు, వేల్సులలోని ముస్లిములలో సుమారు 27 శాతం సామాజిక అద్దె ఇళ్లలో ఉన్నారు. మొత్తం జనాభాలో అది 17 శాతమే. ముస్లిములలో ముగ్గురిలో ఒకరు ఇరుకు ఇళ్లలోనే జీవిస్తున్నారు. రాయితీ ఎంత ఇచ్చినా, వడ్డీతో కూడిన రుణం హరామ్ అని నమ్మి దూరంగా ఉండే కుటుంబానికి ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. వడ్డీ లేని గృహ కొనుగోలు ఒప్పందాలకు రెండుమార్లు పడే స్టాంపు సుంకాన్ని అక్కడ 2003లోనే తొలగించారు. అయినా ఆ సేవ అందించే సంస్థలు నేటికీ కొద్దివే.

కాబట్టి రాయితీ తగ్గింపును మేము సమర్థిస్తున్నాము. కాని అది సగం పని మాత్రమే. అమ్మిన ప్రతి ఇంటికీ బదులుగా మరో అద్దె ఇల్లు, అందులోనూ పెద్ద కుటుంబానికి సరిపడేది, కట్టి తీరాలి.

మన గడ్డ మీదా ఈ ప్రశ్న ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమిచ్చిన ఇళ్ల స్థలాలను అమ్ముకునే గడువును 2021లో 20 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు తగ్గించారు. పేదకు తన ఆస్తిపై పూర్తి హక్కు ఉండడం మంచిదే. అయితే అవసరానికి చౌకగా అమ్ముకుని, పిల్లలతో మళ్లీ కిరాయి గదికి చేరే కుటుంబం సంగతేమిటి? మన కార్యకర్తలు ప్రభుత్వాన్ని రెండు ప్రశ్నలు అడగాలి: చేతులు మారిన స్థలాలెన్ని? వాటి స్థానంలో పేదలకు కొత్తగా ఇచ్చినవెన్ని? లెక్క చెప్పని హక్కు చివరకు కలవారికే దక్కుతుంది.