చెరకు దీవి, ఫాస్ఫేటు దీవి: తేజీ డబ్బు ఎటు పోయింది?

1968లో ఆరు వారాల తేడాతో రెండు చిన్న దీవులు స్వతంత్ర దేశాలయ్యాయి. జనవరి 31న పసిఫిక్ మహాసముద్రంలోని నౌరూ, మార్చి 12న హిందూ మహాసముద్రంలోని మారిషస్. రెండూ ఒక్కొక్క సరుకుపైనే బతికేవి. నౌరూది ఎరువుల తయారీకి పనికివచ్చే ఫాస్ఫేటు, మారిషస్‌ది పంచదార. ఆనాటి లెక్కలు చూసినవారు నౌరూ పైకి వస్తుందనీ, మారిషస్ చితికిపోతుందనీ అనుకుంటే తప్పు పట్టలేము. జరిగింది మాత్రం అందుకు పూర్తిగా భిన్నం.

నౌరూ విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. నాటి జనాభా కొద్ది వేలు. 1970లో గనులు ఆ దేశం చేతికి వచ్చాయి. 1974లో ఫాస్ఫేటు ధర విపరీతంగా తేజీ కావడంతో తలసరి ఆదాయంలో ఆ దీవి సంపన్న దేశాల సరసన చేరింది. అప్పట్లో ప్రజలకు ఆదాయపు పన్ను ఉండేది కాదు. నిల్వలు ఎప్పటికైనా అడుగంటుతాయని తెలిసే రాయల్టీలతో ఒక ట్రస్టు నిధిని కూడా నెలకొల్పారు.

ఆలోచన మంచిదే, నిర్వహణే చెడింది. ఆ డబ్బు మెల్బోర్న్‌లో 52 అంతస్తుల భవనంగానూ, విదేశాల్లో హోటళ్లుగానూ మారింది. 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి పెట్టిన పెట్టుబడి కొద్ది వారాల్లోనే మునిగిపోయింది. రాబడి తగ్గినా ఖర్చు తగ్గలేదు. అప్పులు పేరుకున్నాయి. 2004లో మెల్బోర్న్ భవనం చేజారింది. 2005 డిసెంబరులో దేశానికి మిగిలిన ఒకే ఒక జెట్ విమానాన్ని అప్పులవాళ్లు స్వాధీనం చేసుకున్నారు. స్వాతంత్ర్యానికి పూర్వం పరాయి పాలకులు ఆ సరుకును చౌకగా తవ్వుకుపోయిన మాట వాస్తవమే. ఆ విషయమై ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కి, 1993లో నౌరూ పరిహారం రాబట్టుకుంది. అయితే తరువాతి నష్టానికి పరాయివారిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు.

మారిషస్ సంగతి వేరు. ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా పంచదారే. పైగా తుపానుల బెడద. 1961లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ తన నివేదికలో, పెరిగే జనాభాకు ఆ దీవి పని చూపలేదని ఆందోళన వెలిబుచ్చారు. 1977లో నోబెల్ బహుమతి అందుకున్న ఈ పండితుని జోస్యం ఫలించకపోవడం గమనార్హం.

ఈ చెరకు తోటలకూ ఆంధ్ర తీరానికీ పాత సంబంధమే ఉంది. 1834 తరువాత ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారిలో అనేకులు కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అందుకే వారికి అక్కడ కోరింగీలన్న పేరు వచ్చింది. నేటికీ ఆ దేశంలో ఉగాది సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

1974 నవంబరులో ప్రపంచ మార్కెట్‌లో పంచదార ధర పౌనుకు 60 సెంట్లు దాటింది. దొరికిన ధరకు దొరికినంత అమ్ముకోవాలన్న ఆశ ఏ వర్తకుడికైనా సహజమే. మారిషస్ అలా చేయలేదు. 1975 నాటి లోమె ఒప్పందం కింద యూరపు దేశాలకు ఏటా దాదాపు 5 లక్షల టన్నులు హామీ ధరకు సరఫరా చేయడానికి అంగీకరించింది. ఆ పద్దు కింద అతి పెద్ద కోటా దానిదే. తరువాత మార్కెట్ మందీలో పడినప్పుడు ఆ నిర్ణయం విలువ తెలిసివచ్చింది.

హామీ ధర ఒక్కటే కారణమనడానికి వీలులేదు. గయానాకూ అటువంటి కోటాయే ఉన్నా ఆ దేశం 1980వ దశకంలో కష్టాల పాలైంది. మారిషస్‌లో తోటల యజమానుల లాభాల్లో కొంత భాగం 1970 చట్టం ప్రకారం ఏర్పడిన ఎగుమతి మండలంలోని దుస్తుల మిల్లుల్లోకి మళ్లింది. పంచదార ఎగుమతిపై వేసిన పన్ను ప్రభుత్వ ఖజానాకు చేరింది. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితమైంది. సైన్యాన్ని పోషించే ఖర్చు లేదు. ఎన్నికల్లో ప్రభుత్వాలు మారాయి గాని తోటలను జాతీయం చేయలేదు, పెట్టుబడిని బెదరగొట్టలేదు. 1980వ దశకం మధ్యకు దుస్తుల ఎగుమతులు పంచదారను మించాయి.

ఇదంతా ఎవరికీ భారం కాలేదనడం సరికాదు. మిల్లుల్లో పనిచేసిన ఆడవారికి తొలినాళ్లలో మగవారికన్నా తక్కువ కూలి ఇచ్చారు. భారతదేశంతో 1982లో కుదిరిన పన్నుల ఒప్పందం అండగా, పన్ను తప్పించుకునే పెట్టుబడులకు ఆ దీవి దారి అయింది. 2016లో మన ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని సవరించవలసి వచ్చింది.

రాయితీలూ శాశ్వతం కాలేదు. 2005లో దుస్తుల కోటాలు రద్దయ్యాయి. 2006 నుంచి యూరపు తన పంచదార ధరను దశలవారీగా 36 శాతం తగ్గించింది. 2009లో హామీ ముగిసింది. ఫ్యాక్టరీలు అనేకం మూతపడ్డాయి. మిగిలినవి చెరకు పిప్పితో విద్యుత్తు తీస్తూ, ముడి పంచదారకు బదులు శుద్ధిచేసిన పంచదార, ప్రత్యేక రకాలు అమ్ముతున్నాయి. ఉత్పత్తి 1970వ దశకం నాటి స్థాయిలో సగం కూడా లేదు. అయినా దేశం కూలిపోలేదు. అప్పటికే పర్యాటకం, బ్యాంకింగ్ వంటి వేరే ఆధారాలు అమరి ఉండడమే దానికి కారణం.

చిన్న దేశం ప్రపంచ ధరను శాసించలేదు. సరుకు పండినా, తవ్వినా, బేరం మాత్రం ఇతరులదే. దాని చేతిలో ఉన్నది ఒక్కటే. తేజీ ఏడాదిలో వచ్చిన రొక్కాన్ని రేపటి మందీకి పనికివచ్చే చోట పెట్టడం. ఎంత వచ్చిందన్న లెక్కలో 1974 నాటి నౌరూ ముందున్నది. ఎక్కడ పెట్టారన్న లెక్కలో మాత్రం మారిషస్ గెలిచింది. ఒకే పంటను నమ్ముకున్న ప్రాంతాలు సయితం ఈ రెండవ లెక్కను తరచు వేసుకోవడం మంచిది.