అంతర్జాలమున అమెరికా నవలలు

కళ్లమున ధాన్యము రాసిపడినంతమాత్రమున గాదె నిండదు. తూర్పారబట్టి పొల్లు వేరుచేసినగాని అది తిండిగింజ కానేరదు. అంతర్జాలమున నేడు రాసులుగా పడియున్న విద్యాసామగ్రి విషయమున మన విద్యాసంస్థలు ఈ చిన్న సత్యమును మరచుచున్నవని మాకు తోచుచున్నది. కళాశాలలలో సాగుచున్న అమెరికా నవలల బోధన యిందుకు నిదర్శనము.

ఒకప్పుడు హాథరన్, మెల్విల్, మార్క్ ట్వేన్ మున్నగువారి గ్రంథములు మన విద్యార్థులకు లభించుటయే దుర్లభము. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున అమెరికా విద్యల పరిశోధన కేంద్రము వెలసిన పిమ్మట, దేశము నలుమూలలనుండి అధ్యాపకులు ఆ గ్రంథాలయమునకై హైదరాబాదు వచ్చుచుండిరి. నేడు శాలిబండ గల్లీలోని చిన్న గదిలో కూర్చున్న బాలిక సైతము చేతి ఫోనులోనే ఆ నవలల ననేకము ఉచితముగా చదువుకొనగలదు. 1971లో మైకేల్ హార్ట్ ప్రారంభించిన గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు వంటివి చేసిన యుపకారమిది. దానిని తక్కువచేయుట కృతఘ్నత. కాని పుస్తకము దొరకుట వేరు, బోధపడుట వేరు. కావున ప్రతి సాధనమును మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెనని మా యభిప్రాయము.

మొదటిది: ఇది ఏ కూర్పు? 1851లో ‘మోబీ డిక్’ లండనులో ‘ది వేల్’ అను పేరుతో వెలువడినప్పుడు దాని తుది ఘట్టము లోపించెను. ఓడ మునిగి అందరును చచ్చిరే, కథ చెప్పువాడెట్లు మిగిలెనని అచటి విమర్శకులు కొందరు ఆక్షేపించిరి. లోపము ముద్రణలోనిది; నింద రచయితపై బడెను. 2011లో అమెరికాలో ‘హకిల్‌బెరీ ఫిన్’ నవలకు, నల్లవారిని కించపరచు మాటను తొలగించి ‘బానిస’ యను మాట నుంచిన కూర్పొకటి వెలువడెను. అట్టి మార్పు తగునా తగదా యనునది వేరు వాదము. తన చేత నున్న దేదియో ఉపాధ్యాయునికే తెలియకుండుట మాత్రము క్షమింపరానిది. కూర్పుల భేదములను చూపు మెల్విల్ ఎలక్ట్రానిక్ లైబ్రరీయు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి మార్క్ ట్వేన్ ప్రాజెక్టును ఈ పరీక్షలో నెగ్గును.

రెండవది: ఇది విద్యార్థిని గ్రంథమునొద్దకు చేర్చునా, గ్రంథమునుండి తప్పించునా? 1958లో పుట్టిన క్లిఫ్స్‌నోట్స్, 1999లో పుట్టిన స్పార్క్‌నోట్స్ మొదలుకొని నేటి కృత్రిమమేధ వరకు సారాంశములకు కొదవలేదు. ‘హకిల్‌బెరీ ఫిన్’ 31వ ప్రకరణమును చూడుడు. పారిపోయిన బానిస జిమ్ జాడను యజమానురాలికి తెలుపుచు హక్ జాబు వ్రాయును. పిదప దానిని చించివేయును. సారాంశమున నిది యొక వాక్యము. మూలమున నైతే, మిత్రుని గాచుట పాపమనియే ఆ బాలుడు నమ్ముచున్నాడు; లోకము వానికి నేర్పిన ధర్మమది. అయినను నరకమునకే సిద్ధపడి మిత్రుని విడువకుండును. ఆ మథనము పంక్తివెంట పంక్తి చదివినగాని తెలియదు. సారాంశము చదివినవానికి మార్కులు వచ్చును, నవల రాదు.

మూడవది: ఇది మన విద్యార్థికి పనికివచ్చునా? అచటి పాఠప్రణాళికలు మిసిసిపి నదిని, 1861-65 నాటి అంతర్యుద్ధమును ఎరిగిన బిడ్డలకై వ్రాసినవి. వానిని యథాతథముగా దిగుమతి చేసికొనుట దాస్యబుద్ధి. వర్జీనియా విశ్వవిద్యాలయమున ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ పై కూర్చిన భాండారమున 1852 నాటి గ్రంథముతోపాటు ఆనాటి సమీక్షలు, చిత్రములు, బానిసత్వమును సమర్థించిన ప్రతివాదములు సైతము గలవు. ఇట్టిది అభిప్రాయమును మ్రింగింపదు, సాక్ష్యమును ముందుంచును. దానికి మన సాక్ష్యమును చేర్చువాడే ఉపాధ్యాయుడు. మహాత్మా ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని, బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితము చేసెను. 1906లో మన హైదరాబాదుననే భాగ్యరెడ్డివర్మ జగన్మిత్రమండలిని స్థాపించెను. వెట్టిని, అంటరానితనమును ధర్మమని చిరకాలము నమ్మిన నేల మనది. హక్ మనస్సులోని పోరాటము మన బిడ్డలకు పరదేశపు కథ కాదు.

దోషమంతయు విద్యార్థులదే యనుట అన్యాయము. ప్రశ్నపత్రము సారాంశము నడిగినంతకాలము వారు సారాంశమునే చదువుదురు. ముందుగా మారవలసినది ప్రశ్నపత్రము. పిదప మన విశ్వవిద్యాలయముల అధ్యాపకులు కలసి, పరీక్షించి యెన్నుకొన్న సాధనముల పట్టికను, తెలుగు టిప్పణములతో సిద్ధపరుపవలెను. ఇందుకు చట్టము కొంత యనుకూలముగనే యున్నది. రచయిత మరణించిన 60 ఏండ్లకు మన దేశమున గ్రంథస్వామ్యము తీరును. 1961లో మరణించిన హెమింగ్వే రచించిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ని 2022 నుండి మనము స్వేచ్ఛగా ముద్రింపవచ్చును, తెనిగింపవచ్చును. అమెరికాలోనే ఆ స్వేచ్ఛ యింకను లేదు!

నిజాము పాలనలో తెలుగు పుస్తకమునకు ఆదరణ కరవైన దినములలో, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, ఆ తరువాత ఈ శాలిబండలోనే బాలసరస్వతీ ఆంధ్రభాషానిలయమును మన పెద్దలు నిలిపిరి. వారికి పుస్తకములు కొరత. పట్టుదల కొరత కాదు. నేడు పుస్తకములు కొల్లలు. తూర్పారబట్టు చేతులే కొరత. పేటపేటను గ్రంథాలయమున ఒక కంప్యూటరును, సాయంకాలము రెండు గంటలు కూర్చుండి చదివించు నొక ఉపాధ్యాయుని నిలుపుట కలిగినవారికి పెద్ద వ్యయము కాదు. గాలి వీచుచుండగనే తూర్పారబట్టవలెను.